కీబోర్డు ఎవరి చేతిలో వుంది?

"అమ్మాయిలకి మార్కులొస్తాయి మేడమ్, లాజిక్ రాదు. అది పుట్టుకతో రావాల్సిందే."

మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ సిలబస్ మార్చడానికి పెట్టిన ఒక సమావేశంలో సీనియర్ అధ్యాపకుడొకాయన అన్న మాట ఇది. వాదన కోసం అన్నది కాదు. అందరికీ తెలిసిందే కదా అన్నట్టు అనేసి టీ కప్పు అందుకున్నాడు. ఆ గదిలో ముగ్గురం ఆడవాళ్ళం వున్నాం. ముగ్గురమూ ఏళ్ళ తరబడి ప్రోగ్రామింగ్ చెబుతున్నవాళ్ళమే. ఒక్కరం కూడా నోరు విప్పలేదు. సిలబస్‌లో సి తీసేసి పైథాన్ పెట్టాలా, రెండూ వుంచాలా అనే చర్చ మాత్రం సాయంత్రం దాకా సాగింది.

ఆయన మీద కోపం తీర్చుకోవడానికే అయితే ఈ వ్యాసం రాయనవసరం లేదు. ఆ మాట నేను కూడా అన్నదాన్నే. నోటితో అనలేదు, పెన్నుతో అన్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్ళలో ఇంటర్నల్ మార్కులు వేసుకునే నోటుపుస్తకంలో కొందరి పేర్ల పక్కన చిన్న అక్షరాలతో 'లాజిక్ లేదు' అని రాసుకునేదాన్ని. వైవాలో ఎన్ని మార్కులు వేయాలో గుర్తుండటానికి. ఆ పుస్తకాలు ఈమధ్య ఇల్లు మారుతుంటే బయటపడ్డాయి. తిరగేసి చూస్తే ఆ మాట రాసిన పేర్లలో చాలావరకు అమ్మాయిలవే. అందులోనూ తెలుగు మీడియంలో చదివి, గురుకులాల నుంచో జిల్లాపరిషత్ హైస్కూళ్ళ నుంచో వచ్చిన దళిత, బీసీ అమ్మాయిలవే ఎక్కువ. నేను ఆడదాన్నే. స్త్రీల సభలకు వెళ్ళేదాన్నే. అయినా రాశాను.

ఆ పేర్లలో ఒకటి బాగా గుర్తుంది. సి భాష మొదలుపెట్టిన రెండోవారం. బోర్డు మీద 'ఎక్స్ = ఎక్స్ + 1' అని రాశాను. మూడో వరసలోంచి ఒకమ్మాయి లేచింది. "మేడమ్, ఎక్స్, ఎక్స్ ప్లస్ ఒకటికి ఎలా సమానమవుతుంది? రెండువైపులా ఎక్స్ కొట్టేస్తే సున్నా, ఒకటి సమానమని వస్తుంది కదా?" అని అడిగింది. వెనక బెంచీల్లో నవ్వులు. ఆ నవ్వినవాళ్ళు ఇంటర్‌లోనే ఎక్కడో కంప్యూటర్ కోర్సు చేసివచ్చినవాళ్ళు. నేను నవ్వలేదు గానీ అంతకన్నా పెద్ద తప్పు చేశాను. "ఇప్పటికి అలా గుర్తుపెట్టుకోమ్మా, ప్రాక్టీసు మీద అదే వస్తుంది" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. నాలుగేళ్ళలో మళ్ళీ నా క్లాసులో ప్రశ్న అడగలేదు.

ఆ ప్రశ్న ఎంత గొప్పదో తెలియాలంటే కొంచెం వివరం చెప్పాలి. ప్రోగ్రామింగ్‌తో పరిచయం లేనివాళ్ళు కూడా ఓపిక పట్టి చదవండి, కష్టమేమీ లేదు. లెక్కల్లో సమానం గుర్తు అంటే రెండువైపులా వున్నది ఒకటే అని. చిన్నప్పటినుంచీ పిల్లలు అదే నేర్చుకున్నారు. సి భాషలో ఆ గుర్తుకు ఆ అర్థం లేదు. అక్కడ అదొక ఆజ్ఞ. కుడివైపున్న లెక్క చేసి, వచ్చిన విలువను ఎడమవైపు పేరున్న పెట్టెలో వెయ్యి అని యంత్రానికి చెప్పడం. పెట్టెలో ఐదు వుంటే ఆరు అవుతుంది. పాత ఐదు పోతుంది. అంతే సంగతి. నిక్లాస్ విర్త్ అనే స్విట్జర్లాండు శాస్త్రవేత్త 1970లో విద్యార్థులకు నేర్పడానికే పాస్కల్ అనే భాష తయారుచేసినప్పుడు ఈ గందరగోళం రాకూడదని సమానం గుర్తుకు ముందు రెండు చుక్కలు పెట్టి వేరే గుర్తు వాడాడు. 1972 ప్రాంతంలో బెల్ లాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేసిన సి భాషలో ఉత్త సమానం గుర్తునే ఆజ్ఞకు వాడి, నిజంగా సమానమా అని అడగాలంటే ఆ గుర్తు రెండుసార్లు వేయాలన్నాడు. అనుభవమున్న ప్రోగ్రామర్లు కూడా ఒకటి వేయాల్సిన చోట రెండు, రెండు వేయాల్సిన చోట ఒకటి వేసి గంటల తరబడి తల పట్టుకుంటారు. అంటే ఆ అమ్మాయి పట్టుకున్నది ఆ భాష నిర్మాణంలో వున్న మెలికని. ఆ క్లాసులో ఆరోజు తర్కబద్ధంగా ఆలోచించిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె పేరు పక్కనే నేను 'లాజిక్ లేదు' అని రాసుకున్నాను.

ఈ 'పుట్టుకతో రావాలి' అనే నమ్మకం మా ఊళ్ళో పుట్టింది కాదు. ప్రపంచమంతా ప్రోగ్రామింగ్ చెప్పేవాళ్ళలో వుంది. క్లాసులో రెండు గుంపులుంటాయనీ, ఒక గుంపుకి ఏం చెప్పకపోయినా వస్తుందనీ, రెండో గుంపుకి ఎంత చెప్పినా రాదనీ అంటారు. 2006లో ఇంగ్లాండులోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన సయీద్ దెహ్నాదీ, రిచర్డ్ బోర్నాట్ అనే ఇద్దరు, పాఠం మొదలుకాకముందే ఒక చిన్న పరీక్ష పెట్టి ఎవరికి ప్రోగ్రామింగ్ వస్తుందో ఎవరికి రాదో తేల్చెయ్యవచ్చని ఒక పత్రం రాశారు. అది కార్చిచ్చులా పాకింది. మా స్టాఫ్‌రూములో కూడా చేతులు మారింది. 2014లో బోర్నాటే తన వాదన తప్పని బహిరంగంగా వెనక్కి తీసుకున్నాడు. ఆ రెండో కాగితం మాత్రం మా స్టాఫ్‌రూముకి రాలేదు. 2016లో ఎలిజబెత్ పటిట్సాస్, ఆమె సహచరులు కెనడాలోని ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ కోర్సుల మార్కుల పట్టికలు 778 తీసి పరీక్షించారు. రెండు గుంపుల ఆకారం కనిపించినవి నూటికి ఆరు కూడా లేవు. అదే పరిశోధనలో ఇంకో విషయం కూడా తేలింది. మార్కుల పటాలు కొన్ని అధ్యాపకుల ముందు పెట్టి చూడమన్నారు. తెలివి పుట్టుకతో వస్తుందని నమ్మేవాళ్ళకి అవే పటాల్లో రెండు గుంపులు ఎక్కువగా కనిపించాయి. వర్ణవ్యవస్థను పుట్టుకతో సమర్థించిన దేశంలో వున్న మనకి ఈ చూపు కొత్తేమీ కాదు.

మరి తేడా లేనేలేదా? వుంది. ఆ తేడా యంత్రం ముందు గడిపిన గంటల్లో వుంది. ప్రోగ్రామింగ్ విని నేర్చుకునేది కాదు. ఈతలాంటిది. రాయాలి, యంత్రం తప్పని చెప్పాలి, ఎక్కడ తప్పో తెలియక చిరాకుపడాలి, వదిలేసి మళ్ళీ రావాలి. ఆ గంటలు ఎవరికి దొరుకుతున్నాయి?

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు నూటికి 21 మంది. పురుషుల్లో దాదాపు 49 మంది. తెలంగాణలో స్త్రీలు నూటికి 26 మందికి కొంచెం పైన. సాఫ్ట్‌వేర్ రాజధాని అని చెప్పుకునే హైదరాబాదును కలుపుకుంటేనే ఈ లెక్క! ఇంట్లో ఫోను వుంటే అది తమ్ముడి చేతిలో వుంటుంది. కంప్యూటర్ సెంటర్‌కి పంపాలంటే సాయంత్రం చీకటి పడుతుందంటారు. ఇంజనీరింగ్ సీటు వస్తే అబ్బాయికి లాప్‌టాప్ ఆ నెలలోనే కొంటారు. అమ్మాయికి 'మూడో సంవత్సరంలో చూద్దాం'. ఒక తల్లి నాతో చాలా నిజాయితీగా చెప్పింది. "మేడమ్‌గారూ, ఫీజు గవర్నమెంటు కడుతుంది కాబట్టి చదివిస్తున్నాం. లాప్‌టాప్ గవర్నమెంటు కొనదు కదండీ." 2000ల చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పేదింటి ఆడపిల్లలు ఇంజనీరింగ్ కాలేజీ గేటు దాటి లోపలికి వచ్చారు. అది చిన్న విజయం కాదు. కానీ గేటు దాటడం వేరు, లాబ్ తలుపు తెరుచుకోవడం వేరు.

లాబ్ ఎలా వుంటుందో చెబుతాను. వారానికి ఒకసారి మూడు గంటలు. అరవైమంది విద్యార్థులు, పనిచేసే యంత్రాలు ముప్పై. రోల్ నంబర్ల ప్రకారం ఇద్దరిద్దరు. అబ్బాయి, అమ్మాయి కలిసిన చోటల్లా దాదాపు ప్రతి జంటలోనూ ఒకటే దృశ్యం. కీబోర్డు అబ్బాయి ముందుంటుంది. అమ్మాయి పక్కన కూర్చుని అబ్జర్వేషన్ పుస్తకంలో ప్రోగ్రాం ఎక్కించుకుంటూ వుంటుంది. వాడు తప్పులు చేస్తూ నేర్చుకుంటాడు. ఆమె వాడు సరిచేసిన చివరి ప్రతిని అందంగా, స్కేలుతో గీతలు కొట్టి, రికార్డులో రాసి నేర్చుకోకుండా వుంటుంది. మా పరీక్షల పద్ధతి ఆ రికార్డుకి మార్కులిస్తుంది. అందుకే 'అమ్మాయిలకి మార్కులొస్తాయి'. ఇంట్లో చాకిరీకి 'మంచి పిల్ల' అనే బిరుదు ఇచ్చినట్టే ఇది కూడా. చాలామంది అమ్మాయిలు తమ రికార్డే కాదు, పక్కవాడి రికార్డు కూడా రాసిపెడతారు. నేను అడిగితే, "వాడు నాకు ప్రోగ్రాం చేసిపెడతాడు కదా మేడమ్" అంటారు. శ్రమ విభజన గురించి మనం సదస్సులు పెట్టి చెప్పే విషయమంతా ఆ ఒక్క బల్ల దగ్గర వుంది.

లాబ్ సాయంత్రం తొమ్మిది దాకా తెరిచే వుంటుంది. నోటీసు బోర్డు మీద 'విద్యార్థులందరికీ' అని వుంటుంది. అమ్మాయిల హాస్టల్ గేటు ఆరున్నరకి మూస్తారు. క్లాసులు నాలుగున్నరకి అయిపోతాయి. మధ్యలో బట్టలుతుక్కోవాలి, నీళ్ళు పట్టుకోవాలి, ఏడుకి అటెండెన్సు. అబ్బాయిల హాస్టల్‌లో అటెండెన్సు పుస్తకం నేను చూడనేలేదు. అబ్బాయిలు రాత్రి లాబ్‌లో కూర్చుంటారు, పక్కవాడి తెర చూస్తారు, సీనియర్‌ని అడుగుతారు, టీ తాగుతూ తప్పెక్కడుందో మాట్లాడుకుంటారు. నిజానికి ప్రోగ్రామింగ్ నేర్పేది ఆ టీ బడ్డీయే, నేను కాదు. తెల్లవారి క్లాసులో వాళ్ళు గబగబా జవాబులు చెబుతుంటే మేం 'చూశారా, వాళ్ళకి సహజంగా వచ్చేస్తుంది' అని ముచ్చటపడతాం.

విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2013లో వేసిన సక్షమ్ నివేదికలోనూ, 2015 నిబంధనల్లోనూ భద్రత పేరు చెప్పి ఆడపిల్లల హాస్టళ్ళలో మగపిల్లలకు లేని ఆంక్షలు పెట్టకూడదని స్పష్టంగా వుంది. 2015లో ఢిల్లీలో పింజ్రా తోడ్ అమ్మాయిలు ఈ తాళాల మీదే వీధికెక్కారు. మన జిల్లాల్లో ఆ నిబంధన కాగితాన్ని ఎవరైనా ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టారా? నేను పెట్టాను. "అవన్నీ ఢిల్లీవి మేడమ్" అని పేపర్‌వెయిట్ కింద పెట్టాడు.

వార్డెన్ దగ్గరికి వెళ్ళాను. ఆమె కాంట్రాక్టు ఉద్యోగి. నాలాంటి ఆడమనిషే. "తొమ్మిదిదాకా పంపిస్తాను మేడమ్‌గారూ, ఏమన్నా జరిగితే మీరు పూచీ వుంటారా?" అని అడిగింది. ఆమెని తప్పుపట్టలేను. ఏదైనా జరిగితే పోయేది ఆమె ఉద్యోగమే. చివరికి నేనే పూచీ వున్నాను. ప్రతి గురువారం రాత్రి నేను లాబ్‌లో కూర్చునేట్టు, అమ్మాయిలందరినీ కలిపి తీసుకొచ్చి కలిపి దింపేట్టు ఒప్పందం. ఆరు వారాలు నడిచింది. ఆ ఆరు వారాల్లో నేను కొత్తగా చెప్పిన పాఠమేమీ లేదు. ఒక మూల కుర్చీ వేసుకుని పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నానంతే. వాళ్ళు తప్పులు చేశారు, అరుచుకున్నారు, ఒకరి తెర మీద ఒకరు పడి చూశారు. మగవాళ్ళ టీ బడ్డీకి సమానమైనదేదో అక్కడ పుట్టింది. ఏడోవారం నాకు టైఫాయిడ్ వచ్చింది. నేను రాలేదు కాబట్టి గేటు తీయలేదు. కోలుకుని వచ్చేసరికి సెమిస్టర్ పరీక్షలు. ఒక అధ్యాపకురాలి ఒంట్లో ఓపిక మీద నిలబడేదాన్ని హక్కు అనలేం కదా.

"మన దగ్గర కంప్యూటర్ సైన్సులో అమ్మాయిలు బోలెడుమంది వున్నారు, ఇది అమెరికా వాళ్ళ సమస్య" అనే వాదన కూడా వుంది. అమ్మాయిలున్న మాట నిజమే. ఎందుకున్నారు? 'నీడపట్టున కూర్చుని చేసే పని, ఆడపిల్లకి మంచిది, పెళ్ళి సంబంధాలకీ బావుంటుంది' అని చేర్పించారు కాబట్టి వున్నారు. సీట్ల లెక్కతో సమానత్వం వచ్చేసిందనుకుంటే పంచాయతీల్లో సర్పంచ్ భర్తల పాలన ఎలా వచ్చింది? సీటులో ఆమె వుంటుంది, కీబోర్డు ఇంకొకరి చేతిలో వుంటుంది.

అమెరికా కథలో మనకి పనికొచ్చేది వేరే వుంది. 1946 ఫిబ్రవరిలో ఎనియాక్ అనే యంత్రాన్ని ప్రపంచానికి చూపించినప్పుడు దానికి ప్రోగ్రాం చేసినవాళ్ళు ఆరుగురు ఆడవాళ్ళు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. ఆ పని గుమాస్తా పని అనుకున్నారు కాబట్టి ఆడవాళ్ళకిచ్చారు. ఆరోజు రాత్రి జరిగిన విందుకి మాత్రం వాళ్ళని పిలవలేదు. ఆ పనికి డబ్బు, గౌరవం వచ్చేకొద్దీ అది మగవాళ్ళ 'సహజ ప్రతిభ'గా మారిపోయింది. 1980ల మధ్యలో అక్కడ కంప్యూటర్ సైన్సు డిగ్రీలు తీసుకున్నవాళ్ళలో నూటికి 37 మంది స్త్రీలు. తర్వాత పాతికేళ్ళలో అది దాదాపు సగానికి పడిపోయింది. ఆ మధ్యకాలంలోనే ఇళ్ళలోకి కంప్యూటర్లు వచ్చాయి. అవి కొడుకుల గదుల్లోకి వెళ్ళాయి. పాతికేళ్ళలో ఆడపిల్లల మెదళ్ళు మారిపోవు, ఇళ్ళలో వస్తువులు మారతాయి.

దాన్ని తిప్పికొట్టిన చోట్లు కూడా వున్నాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1995లో కంప్యూటర్ సైన్సులో చేరిన వారిలో అమ్మాయిలు నూటికి 7 మంది. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే ఇద్దరు విద్యార్థులతో ఏళ్ళపాటు మాట్లాడి, ముందే వచ్చివున్న అనుభవాన్ని అందరూ ప్రతిభగా పొరబడుతున్నారని చూపించారు. ప్రవేశాల్లో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికిచ్చే ప్రాధాన్యం తీసేశారు. మొదటి కోర్సులోకి అనుభవాన్నిబట్టి వేర్వేరు దారులు పెట్టారు. 2000 నాటికి అమ్మాయిలు నూటికి 42 అయ్యారు. కాలిఫోర్నియాలోని హార్వే మడ్ కళాశాల కూడా 2006 తర్వాత మొదటి కోర్సును మార్చింది. జావా స్థానంలో పైథాన్ పెట్టారు. ముందే నేర్చుకుని వచ్చినవాళ్ళనీ, మొదటిసారి చూసేవాళ్ళనీ వేర్వేరు తరగతుల్లో కూర్చోబెట్టారు. అమ్మాయిల సంఖ్య నూటికి పది నుంచి కొద్ది సంవత్సరాల్లోనే నలభైకి చేరింది. మా సమావేశంలో ఈ కథలోంచి పైథాన్ ఒక్కటే తీసుకున్నారు. అది మార్చడానికి ఖర్చు లేదు, ఎవరి పెత్తనమూ పోదు. వెనక బెంచీ నవ్వులను వేరే గదికి పంపాలనే ముక్క ఎవరూ ఎత్తలేదు.

మన దగ్గరే ఉదాహరణ లేదా అంటే, 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో, బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో, పదో తరగతి అయిన గ్రామీణ పిల్లల్ని తీసుకున్నారు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవాళ్ళకి అదనపు పాయింట్లు కలిపారు. మొదటి బ్యాచ్‌లకు ప్రతి ఒక్కరి చేతికీ లాప్‌టాప్ ఇచ్చారు. ఆ సంస్థల్లో తర్వాత ఎన్ని సమస్యలొచ్చాయో అందరికీ తెలుసు, వాటిని నేను దాచను. కానీ యంత్రం కూడా పుస్తకం లాగా చదువులో భాగమని, అది తండ్రి దయ మీద ఆధారపడకూడదని ఒప్పుకున్న విధానమది.

ఇక మన సంగతి. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది సంస్థల్లో పనిచేస్తున్నవాళ్ళే కాబట్టి నిష్ఠూరమైనా చెబుతాను. మన సంస్థలు ఆడపిల్లలకు కంప్యూటర్ శిక్షణ అని ఎన్నో కేంద్రాలు నడిపాయి. నేను కూడా రెండుచోట్ల వెళ్ళి చెప్పాను. ఏం నేర్పాం? టైపింగ్, ఎమ్మెస్ ఆఫీస్, డేటా ఎంట్రీ, బిల్లులు కొట్టడం. మూడు నెలలు, ఒక సర్టిఫికెట్, ఫొటో, నివేదికలో ఒక పేజీ. కుట్టుమిషన్ తీసేసి ఆ బల్లమీద కంప్యూటర్ పెట్టాం. యంత్రానికి ఆజ్ఞలివ్వడం నేర్పలేదు, ఇంకొకరు రాసిన ఆజ్ఞల ప్రకారం నడుచుకోవడం నేర్పాం. 'మన పిల్లలకి ప్రోగ్రామింగ్ ఎక్కడ అందుతుంది మేడమ్' అని ఒక కేంద్రంలో సమన్వయకర్త నాతో అంది. ఆ సీనియర్ అధ్యాపకుడి మాటకీ ఈమె మాటకీ తేడా నాకు కనబడలేదు. ఈమె జాలితో అంది, అంతే.

ఆ కేంద్రంలోనే డ్వాక్రా సంఘం పద్దులు రాసే ఒకామె వుండేది. పదో తరగతి తప్పింది. పదిహేనుమంది సభ్యులు, ఒక్కొక్కరి పొదుపు, అప్పు, వడ్డీ, కట్టనివాళ్ళకి జరిమానా, జరిమానా మాఫీ చేయడానికి షరతులు. ఇవన్నీ వరసగా, ఒక్కటి తప్పకుండా నోటితో చెప్పేది. 'ప్రతి మనిషికీ ఇది చెయ్యి, కట్టకపోతే అది చెయ్యి, రెండు నెలలు వరసగా కట్టకపోతే ఇంకొకటి చెయ్యి.' మా ఇంజనీరింగ్ పిల్లలకి ఒక నెల పట్టే విషయం అది.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. 'ఆడవాళ్ళకి వంటింటి ఉదాహరణలతో చెబితే అర్థమవుతుంది' అనే సలహా నాకు చాలాసార్లు వచ్చింది. ఆ సలహా అంటే నాకు మంట. ప్రోగ్రామింగ్ విందుభోజనం ఏర్పాట్లలాంటిదని 1967లోనే ఒక అమెరికన్ స్త్రీల పత్రికలో వచ్చింది. ఆ పోలికవల్ల ఆడవాళ్ళకి ఒరిగిందేమీ లేదు. అయితే ఇంకో విషయం కూడా వుంది. ప్రతి సి పుస్తకంలోనూ నక్షత్రాలతో పిరమిడ్ అచ్చువేసే లెక్క ఒకటుంటుంది. ఒక వరసలో ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు, పక్కన ఖాళీలు తగ్గుతూ. లూపులో లూపు. పిల్లలు దానికి హడలిపోతారు. ఒకసారి అది చెబుతుంటే ఒకమ్మాయి పక్కనున్న పిల్లతో "ఏడు చుక్కలు, నాలుగొచ్చేదాకా సందు చుక్క" అని గొణిగింది. నాకు వినబడింది. ముగ్గు! నాలుగు, ఐదు, ఆరు, ఏడు, మళ్ళీ ఆరు, ఐదు, నాలుగు. ప్రతి వరసకీ సగం చుక్క జరపాలి. ధనుర్మాసమంతా తెల్లవారుజామున వాకిట్లో వంగి వాళ్ళు చేస్తున్నది అదే. ఎన్నేళ్ళుగానో నేను ఆ పిరమిడ్ చెబుతున్నాను, నా వాకిట్లో కూడా ముగ్గుంది, నాకు తట్టలేదు. ముగ్గు ఆడవాళ్ళది కాబట్టి దాన్ని పాఠంలో పెట్టాలని నేననడం లేదు. ఆ పిల్లకి ముందే తెలిసినదాన్ని 'తెలివి' అనే ఖాతాలో మేమెవరమూ జమ వేయలేదు, వెనక బెంచీవాడికి ముందే తెలిసినదాన్ని వేశాం. నా గొడవ అదీ.

ఇప్పుడు నేను చేసేవి కొన్నే. లాబ్‌లో పావుగంటకోసారి గంట కొడతాను, కీబోర్డు చేతులు మారాలి. మొదట్లో అబ్బాయిలకన్నా అమ్మాయిలే ఎక్కువ అభ్యంతరం చెప్పారు. "నేను రాసుకుంటాలే మేడమ్, వాడైతే తొందరగా చేస్తాడు" అని. తొందర నాకక్కర్లేదని చెప్పడానికి ఒక సెమిస్టర్ పట్టింది. ప్రోగ్రాం నడపకముందు, అది ఏం అచ్చువేస్తుందో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాయాలి. తప్పైనా సరే. యంత్రం ఇంగ్లీషులో చూపించే తప్పుల వాక్యాలు ఒక యాభైకి తెలుగులో అర్థం రాసి గోడకి అంటించాం. 'ఎదురుచూసిన సెమికోలన్ లేదు' అని తెలుగులో చదివితే ఆ పిల్లలకి భయం పోతుంది. ఇంగ్లీషు రాకపోవడాన్ని కూడా మేం లాజిక్ లేకపోవడంగానే లెక్కవేస్తూ వచ్చాం మరి. రికార్డు రాయించడం మాత్రం ఆపలేకపోయాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి అది కావాలి.

'ఇప్పుడు యంత్రమే ప్రోగ్రాం రాసేస్తోంది కదా, ఇంక వీళ్ళకి నేర్పడం ఎందుకు' అనే కొత్త మాట 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక మొదలైంది. తెలుగు మీడియం ఆడపిల్లలు ఆ గదిలోకి వచ్చి కూర్చున్నాకే ఈ చదువు అనవసరమని తేలడం నాకు ఆశ్చర్యంగా లేదు. యంత్రం రాసినదాంట్లో తప్పుంటే పట్టుకోవాలన్నా చదవడం రావాలి. చదవడం రావాలంటే రాసి వుండాలి. అనుమానమున్నవాళ్ళు, ఆ మాటలనే పెద్దమనుషులు తమ కొడుకుల్ని ఏ కోర్సులో చేర్పిస్తున్నారో అడిగి చూడండి.

మళ్ళీ సిలబస్ సమావేశం వుంది. ఈసారి మేం ముగ్గురం ముందే కలిసి మాట్లాడుకున్నాం. మూడు కోరికలు రాసి ఇస్తున్నాం. లాబ్‌లో మనిషికొక యంత్రం, అది కుదిరేదాకా అమ్మాయిల హాస్టల్ లోపలే రాత్రి పదిదాకా తెరిచివుండే ఒక గది. అనుభవమున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మొదటి సెమిస్టర్‌లో వేర్వేరు సెక్షన్లు. రికార్డు మార్కులు తీసేసి, విద్యార్థి ఒక్కతే కూర్చుని యంత్రం మీద చేసినదానికి మార్కులు. మూడోది పెడితే మొదట్లో అమ్మాయిల మార్కులు తగ్గుతాయని మాలో ఒకరికి భయం. ఆ భయం నాకూ వుంది. మొదటిది లేకుండా మూడోది ఒప్పుకోకూడదని నిర్ణయించుకున్నాం.

మీ జిల్లాలో ఇంజనీరింగ్ కాలేజీ తప్పకుండా వుండివుంటుంది. ఈ మూడు నెలల్లో ఒకసారి వెళ్ళండి. మూడు ప్రశ్నలడగండి. లాబ్ ఎన్నింటిదాకా తెరిచి వుంటుంది? అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు? తాళంచెవి ఎవరి దగ్గర వుంటుంది? జవాబులు ఒక కార్డు మీద రాసి పత్రికకి పంపండి. కాలేజీ పేరు రాయనవసరం లేదు, జిల్లా పేరు చాలు.